చూడకుండా పెట్టిన సంతకం

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పాసయ్యాక నేను ఆరేళ్లు చేసిన పని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కరెంటు సామాన్ల దుకాణంలో కౌంటరు వెనక నిలబడటం. మా నాన్న నల్గొండ దగ్గరి పల్లె నుంచి లారీ నడుపుకుంటూ వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డాడు. ఉన్నంతలో నన్ను చదివించాడు. తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది. ఇంటికి మెట్రోలో మూడు స్టేషన్ల దూరంలో పని దొరికింది, చేరిపోయాను. ఏ గీజరుకు ఎంత మందం వైరు కావాలో, ఏ మోటారుకు ఏ బ్రేకరు పెట్టాలో అడిగిన వెంటనే చెప్పేదాన్ని. కానీ అదే వైరును గోడలోని పైపులో ఒక్కసారి కూడా చేత్తో లాగినదాన్ని కాదు. కాలేజీ ల్యాబులో చెక్క బోర్డు మీద వేసిన కనెక్షన్లే నా పనితనమంతా.

దుకాణానికి వచ్చే కాంట్రాక్టర్లలో ఒకాయన నా డిప్లొమా సంగతి తెలుసుకున్నాడు. కొత్తగా కట్టిన బిల్డింగుకు కరెంటు కనెక్షన్ ఇచ్చే ముందు, లోపలి వైరింగ్ పరీక్షించాం, సరిగ్గా ఉంది అని లైసెన్సున్న కాంట్రాక్టరు రిపోర్టు ఇవ్వాలి. ఆ లైసెన్సు నిలబడాలంటే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్న మనిషి, వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి ఉండాలి. ఆయన దగ్గరున్న సూపర్‌వైజర్ దుబాయ్ వెళ్లిపోయాడట. డిప్లొమా ఉన్నవాళ్లు కొంతకాలం సైటులో పనిచేసినట్టు లెటరు చూపిస్తే ఆ పర్మిట్ వస్తుంది. నేను సైటు మొహం చూడలేదన్నాను. లెటరు తాను ఇస్తానన్నాడు. సైటుకు రావాల్సిన పని లేదు, కాగితాలు దుకాణానికే పంపిస్తాడు, సంతకం పెడితే చాలు. నెలనెలా పాప స్కూలు ఫీజుకు సరిపోయేంత ఇస్తానన్నాడు.

మా ఆయన బస్సు కండక్టరు. ఇందులో తప్పేమైనా ఉందా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. అందరూ చేసేదే అని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను. పర్మిట్ వచ్చింది. ఏడాదిన్నర పాటు, బిల్లుపుస్తకం పక్కన పెట్టుకుని, నేను గుమ్మం కూడా తొక్కని బిల్డింగుల కాగితాల మీద సంతకాలు పెట్టాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. ఎల్‌బీ నగర్ అవతల కొత్త కాలనీలో ఫ్లాటు కొనుక్కున్నాడట. షాకు కొట్టకుండా కాపాడే బ్రేకరు ఉంటుందటగా, అది కావాలన్నాడు. ఎందుకని అడిగాను. నాలుగు రోజుల కింద ఆయన భార్య స్నానాలగదిలో నల్లా తిప్పబోయి షాకు తగిలి పడిపోయింది. ప్రాణం దక్కింది, కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టించుకుని ఇంటికి తెచ్చారు. చెబుతూ చెబుతూ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు.

"అన్నీ చూసినం, మంచిగున్నయని రాసిచ్చిన్రమ్మా. గీ సూపర్‌వైజర్ ఎవరో, ఎక్కడుంటరో మీకేమన్న ఎరుకనా?"

కాగితం కింద ఉన్న పేరు నాది. నా సంతకం, నా పర్మిట్ నంబరు. అది నేనేనని చెప్పలేదు. బ్రేకరు ఇచ్చాను, ఇంటి అడ్రసు రాసుకున్నాను, రేపు ఒక మంచి వైర్‌మన్‌ను పంపిస్తానని చెప్పాను. ఆయన దండం పెట్టి వెళ్లాడు. ఆ దండం పెట్టించుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మా దుకాణంలో సామాన్లు కొనే వైర్‌మన్‌లలో యాభై దాటిన ఒకాయన ఉండేవాడు. మాది, ఆయనది ఒకటే మండలం. నేను కాకా అని పిలిచేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఇళ్లకు వైరింగ్ చేస్తున్న మనిషి. మరుసటి రోజు సెలవు పెట్టి ఆయనను వెంటబెట్టుకుని ఆ ఫ్లాటుకు వెళ్లాను. దారిలోనే జరిగిందంతా చెప్పేశాను. కాకా సంచి ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

గీజరు ప్లగ్గు ఉన్న బోర్డు విప్పితే మూడో పిన్నుకు తీగే లేదు. భూమికి పోవాల్సిన ఆకుపచ్చ వైరును గోడలోంచి బయటికి లాగి, కత్తిరించి, మడిచి వదిలేశారు. గీజరులో లీకైన కరెంటుకు నీళ్ల పైపు, నల్లా తప్ప వేరే దారి లేదు. కింద మెట్ల పక్కన ఎర్తింగ్ గుంతకు సిమెంటు మూత ఉంది. మూత తీస్తే మట్టిలో జానెడు పైపు ముక్క గుచ్చి ఉంది. కాకా దాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగాడు, వచ్చేసింది. ఆరు ఫ్లాట్లకూ అదే ఎర్తింగ్.

షాకు తగిలిన ఆమె ముందు గదిలో దివాను మీద కూర్చుని ఉంది, చేతికి పిండికట్టు. నా కంటే పదేళ్లు పెద్ద. నేను ఎదురుగా కింద కూర్చుని, ఆ కాగితం మీద సంతకం నాదేనని చెప్పాను. తిడుతుందని సిద్ధపడ్డాను.

"మరి చూడకుంట ఎట్ల వెట్టినవ్ బిడ్డా?" అంది.

ఆమె భర్త లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ బిల్డింగు ఎర్తింగ్ కొత్తగా వేయడానికి మూడు రోజులు పట్టింది. సామాన్లు నేను తెచ్చాను, పని కాకా చేశాడు, పక్కనే ఉండి నేను అందించాను. నిలువెత్తుకు మించి గుంత తవ్వి, పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, నీళ్లు పట్టి, అక్కడి నుంచి ఆరు ఫ్లాట్ల బోర్డులకు తీగ కలిపాం. పరీక్షలో ఈ బొమ్మ వేసి పది మార్కులు తెచ్చుకున్నదాన్ని, బొగ్గు ఏ సైజు ముక్కలుగా కొట్టాలో తెలియక సుత్తి పట్టుకుని నిలబడ్డాను. కాకా నవ్వలేదు. తన చేత్తో ఒక ముక్క కొట్టి చూపించి, గీ పాటి అన్నాడు.

మూడో రోజు సాయంత్రం కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, నా పేరు అతని లైసెన్సు నుంచి తీసేయమని చెప్పాను. అతను దుకాణానికే వచ్చాడు. మా ఓనరు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. మా ఇద్దరినీ వెనక గోడౌన్‌లోకి వెళ్లి మాట్లాడుకోమన్నాడు. కాంట్రాక్టరు మొదట మంచిగానే చెప్పాడు, తప్పు పనివాళ్లదన్నాడు, ఆసుపత్రి ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. నేను ఒప్పుకోకపోయేసరికి గొంతు మారింది.

"నీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చింది నేనే మేడం. నువ్వు ఆఫీసుల నోరు తెరిస్తే ముందుగాల పోయేది నీ పర్మిట్."

"పోనియ్," అన్నాను.

ఆ మాట అనేదాకా నాకే తెలియదు, దాన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నానని. అతను వెళ్లాక ఓనరు నా దగ్గరికి వచ్చి, "ఎందుకమ్మా నీకీ గొడవ? పేరు తీయించుకుని ఊరుకో. అబద్ధం లెటరు సంగతి నువ్వే వెళ్లి చెప్పుకుంటే రేపు కేసంటారు, ఇంకోటంటారు" అన్నాడు. ఆయన నా మేలు కోరే అన్నాడు. మా ఆయన కూడా భయపడ్డాడు. కానీ ఆ అబద్ధం మీద నిలబడ్డ పర్మిట్‌తో ఇంకో కాంట్రాక్టరు దగ్గర చేరినా, నేను పెట్టేది మళ్లీ అదే రకం సంతకం అవుతుంది. నాకు పని రాదు. రాని పనికి సర్టిఫికెట్ ఉంది. ఆ ఫ్లాటులో ఆమె అడిగిన ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు అది ఒక్కటే.

అనుభవం లెటరు అబద్ధమని, పర్మిట్ రద్దు చేయమని రాసి పట్టుకెళ్లాను. పర్మిట్లు ఇచ్చే ఆఫీసులో ఒక అధికారి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పర్మిట్ కావాలని రోజూ వస్తారు, నాది తీసేసుకోండని వచ్చింది మీరే అన్నాడు. తర్వాత మాట కటువుగా మారింది. తప్పుడు లెటరు పెట్టడం చిన్న విషయం కాదని, రద్దు చేస్తామని, విచారణకు పిలిస్తే రావాలని చెప్పాడు. తలూపాను. లేవబోతుంటే ఆయనే అడిగాడు.

"తర్వాత ఏం చేస్తారు?"

"నిజంగ పని నేర్చుకుంట సార్. నేర్చుకున్నాక మళ్ల దరఖాస్తు పెడత. ఈసారి కాంట్రాక్టర్ లైసెన్సుకే పెడత."

ఆయన ఒక కాగితం తీసుకుని, దానికి ఏమేం కావాలో తన చేత్తో రాసి ఇచ్చాడు. సూపర్‌వైజర్ పర్మిట్, దానికి ముందు లైసెన్సున్న కాంట్రాక్టరు దగ్గర నిజంగా చేసిన అనుభవం. పర్మిట్ ఉన్న వైర్‌మన్. ఆఫీసు గది, దాని కిరాయి ఒప్పందం. ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఎర్తింగ్ కొలిచే మీటరు, కరెంటు కొలిచే మీటరు. ఆస్తి స్తోమత చూపే బ్యాంకు కాగితం. ఆ చీటీని ఇంట్లో బీరువా తలుపుకు లోపలి వైపు అతికించాను.

విచారణకు రెండుసార్లు వెళ్లి, నేను సంతకం పెట్టిన బిల్డింగులన్నిటి వివరాలు ఇచ్చాను. పాత కాంట్రాక్టరు లైసెన్సు కొంతకాలం ఆగిపోయింది. తర్వాత ఇంకెవరి పేరు మీదో పని చేసుకుంటున్నాడని విన్నాను. నాకు జరిగిన నష్టం పర్మిట్, నెలనెలా వచ్చే ఆ డబ్బు.

సైటు పనికి ఆడమనిషిని తీసుకునే కాంట్రాక్టరు దొరకడం అనుకున్నంత సులువు కాలేదు. నలుగురు ఆఫీసులో కూర్చుని బిల్లులు రాయమన్నారు. చివరికి కాకా పనిచేసే ఎల్‌బీ నగర్ కాంట్రాక్టరే ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. నిచ్చెన ఎక్కాలె, గోడ కొట్టాలె, ఆడమనిషినని పక్కకు నిలబడొద్దు. దుకాణం మానేశాను. నేను వెళ్లే రోజు ఓనరు ఒక మంచి టెస్టరు, కటింగ్ ప్లేయరు చేతిలో పెట్టి, పని కుదరకపోతే మొహమాటపడకుండా వచ్చేయమన్నాడు.

మొదటి నెల చేతుల నిండా బొబ్బలు. గోడకు గాడి కొడితే వంకరగా పోయేది. పైపులో వైరు లాగుతుంటే సగంలో ఇరుక్కునేది. కట్టే బిల్డింగులో ఆడవాళ్లు వెళ్లడానికి బాత్రూము ఉండదు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండి ఒకసారి కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. ఆ తర్వాత ప్రతి కొత్త సైటుకు వెళ్లగానే పక్కింటి ఆమెతో పరిచయం చేసుకోవడం నా మొదటి పని అయింది. ఎవరూ కాదనలేదు. ఒకామె రోజూ పదకొండింటికి తనే చాయ్ ఇచ్చి పిలిచేది.

రెండేళ్లు అలా గడిచాయి. బాలాపూర్ వైపు ఇండ్లు, కర్మన్‌ఘాట్‌లో ఒక ఫంక్షన్ హాలు, ఎల్‌బీ నగర్‌లో నాలుగంతస్తుల బిల్డింగు. ఏ పైపు ఎక్కడ వంచితే వైరు సాఫీగా పోతుందో గోడ చూడగానే తెలియడం మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక సిమెంటు బస్తాల మీద కూర్చుని నేను మీటరు రీడింగుల లెక్క కాకాకు చెప్పేదాన్ని, ఆయన తన చేతిపని నాకు చెప్పేవాడు. అనుభవం లెటరు ఈసారి నిజంగా సంపాదించుకున్నాను. దరఖాస్తు పెట్టాక అధికారులు పాత ఫైలు తెప్పించారు. కొన్ని నెలలు ఆపారు. ఇంటర్వ్యూకు పిలిచి పాత సంగతి అందరి ముందు మళ్లీ చెప్పించారు. ఏదీ దాచకుండా చెప్పాను. సూపర్‌వైజర్ పర్మిట్ మళ్లీ వచ్చింది.

చీటీలో మిగిలినవాటిలో కష్టమైంది వైర్‌మన్. తెలిసినవాళ్లు పర్మిట్ ఉన్న ఒకతన్ని చూపించారు. పనికి రానక్కర్లేదు, నెలకింత ఇస్తే తన పర్మిట్ వాడుకోవచ్చన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతనికి చాయ్ తాగించి పంపించి, నేరుగా కాకా ఇంటికి వెళ్లాను.

ముప్పై ఏళ్లలో కాకా ఒక్కసారి కూడా వైర్‌మన్ పర్మిట్‌కు పోలేదు. ఐటీఐ చదవలేదు. చదవకపోయినా, అనుభవం చూపించి పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు, పని చేసి చూపించాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆయన భయం అడగడం దగ్గరే. పెద్ద సార్లు ఇంగ్లీషుల అడుగుతరు, నాకు మాట రాదు, ఇజ్జత్ పోతది అన్నాడు. నాలుగు రోజులు బతిమాలాను. చివరికి కోపమొచ్చింది.

"నువ్వు ఏసిన ఇండ్లకు ఇంకోల్ల పేరు రాసుకుంటున్రు కాకా. ముప్పై ఏండ్లు చాలదా? నువ్వు రాకుంటే నేను లైసెన్సుకే పెట్ట."

ఆయన భార్య లోపలి నుంచి, నేను పో అన్నా పోడు, బిడ్డ అడిగినా పోడా అంది. మరుసటి రోజు ఫొటోలు దిగడానికి వచ్చాడు.

మొదటిసారి చేతిపనిలో ఆయనకు తిరుగు లేదు. పైనా కిందా స్విచ్చులతో వెలిగే మూడు బల్బుల మెట్ల వైరింగ్ అందరికంటే ముందు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. ప్రశ్నల దగ్గర నోరు కట్టుకుపోయింది. ఫెయిలయ్యాడు. పది రోజులు నా ఫోన్ ఎత్తలేదు. పదకొండో రోజు నేనే సైటుకు వెళ్లి, బస్తాల మీద పక్కన కూర్చుని, పుస్తకం తెరిచాను. ఇంగ్లీషు మాటలు కంఠస్థం చేయించడం మానేసి, ఆయన రోజూ చేసేదాన్ని ఆయన మాటల్లోనే చెప్పించాను. ఇంటికి ఎర్తింగ్ ఎందుకు అని రోజుకు నాలుగుసార్లు అడిగేదాన్ని. రెండోసారి పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది.

"కరెంటు లీకయితే మనిషిలకెల్లి పోకుంట, ఇంకో తొవ్వ చూపెట్టనీకి సార్," అన్నాడట.

ఆ సార్లు ఇంక ఎక్కువ అడగలేదని చెప్పాడు. పర్మిట్ చేతికి వచ్చిన రోజు దాన్ని ఇంట్లో వాళ్లకు కూడా చూపించకుండా మా ఇంటికి తెచ్చాడు. ఫొటో మీద వేలు పెట్టి తుడిచి, "మొఖం నల్లగొచ్చింది" అన్నాడు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక సందులో, కోచింగ్ సెంటర్ల మధ్య ఒక మొదటి అంతస్తు గది కిరాయికి తీసుకున్నాం. తనిఖీకి వచ్చిన అధికారి బీరువాలో ఉన్న మీటర్లు చూసి ఊరుకోలేదు. కింద సందులోకి దిగి, ఎర్తింగ్ కొలిచి చూపించమన్నాడు. రెండు ఇనుప ముక్కలు దూరదూరంగా భూమిలో గుచ్చి, తీగలు పరిచి, మీటరు పెట్టాను. కోచింగ్ పిల్లలు చుట్టూ మూగారు. అధికారి ఒక తీగ పీకేసి, ఇప్పుడు రీడింగ్ ఎందుకు మారిందో చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. మరో రెండు నెలలకు కాంట్రాక్టర్ లైసెన్సు వచ్చింది.

లైసెన్సు వచ్చాక మొదటగా మా గది మెట్లెక్కింది అదే సందులో అమ్మాయిల హాస్టల్ నడిపే ఆయన. ఇంకో రెండు అంతస్తులు వేశాడు, రిపోర్టు కావాలి. ఎప్పుడొచ్చి చూడమంటారని అడిగితే, చూసేదేముంది మేడం, సంతకం పెట్టండి అన్నాడు. చూడకుండా పెట్టనన్నాను. ఆయన లేచి వెళ్లి, ఇంకో కాంట్రాక్టరు దగ్గర సంతకం పెట్టించుకున్నాడు. ఆ నెల మాకు ఒక్క పని రాలేదు. కాకా కూలికి వేరే సైటుకు పోయి వచ్చాడు. నేను పొద్దున్నే గది తీసి, మీటర్లు తుడిచి, ఎవరైనా వస్తారేమోనని కూర్చునేదాన్ని. భయం వేయలేదని అనను. కానీ ఒక్కరోజు కూడా ఆ హాస్టల్ ఆయన వెనక పరుగెత్తాలని అనిపించలేదు.

నెలన్నర తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. మూడో అంతస్తులో మెయిన్ బోర్డు కాలి పొగ వచ్చింది, అమ్మాయిలు బ్యాగులు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. వెళ్లి చూస్తే ఎనిమిది గీజర్ల బరువు ఒక్క సన్నటి వైరు మీద వేసి ఉంది. ఎంత పని ఉందో, ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాసి ఇచ్చాను, తగ్గించమంటే తగ్గించలేదు. ఒప్పుకున్నాడు.

పదకొండు రోజులు చేశాం. పరీక్షల కాలం కావడంతో అమ్మాయిలు పుస్తకాలతో మెట్ల మీద కూర్చుని చదువుకునేవాళ్లు. వాళ్లు కాలేజీలకు వెళ్లిన గంటల్లో కరెంటు ఆపి ఒక్కో అంతస్తు వైరింగ్ మార్చాం. మూడో రోజున ఒకమ్మాయి నా పక్కన నిలబడి, మీరు వైర్‌మన్ భార్యా అని అడిగింది. కాదు, కాంట్రాక్టరును అన్నాను. ఆ అమ్మాయి నా చేతుల వంక చూసి, తను కూడా డిప్లొమా ఎలక్ట్రికలేనని, ఉద్యోగం కోసం బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని చెప్పింది. లైసెన్సుకు ఏమేం కావాలో అడిగింది. నిచ్చెన మీద నుంచే ఒక్కొక్కటిగా చెప్పాను. కింద కాకా వైరు కొస పట్టుకుని లాగమంటున్నాడు. మాట ఆపి లాగాను, సాఫీగా వచ్చింది.